పాట పక్కన అంకె

క్యాసెట్ డబ్బా తెరిస్తే ముందు చేతికి వచ్చేది నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం. బట్టల అంగడి లెక్కల పుస్తకంలో నుంచి చించిన పుట అది. పద్దు, జమ, ఖర్చు అని అచ్చయిన గళ్లు అలాగే ఉన్నాయి. పద్దు ఉండాల్సిన గడిలో పాట మొదటి మాటలు. జమ గడిలో సినిమా, రాసినవారు, స్వరం కట్టినవారు. ఖర్చు గడిలో ఒక్కొక్క అంకె: 1½, 5½, 6, 2. పైన అడ్డంగా ‘పాడుతా తీయగా – ఏరినవి’ అని రాసి, కింద రెండు గీతలు. ఆ చేతిరాత మా పెద్దమామది.

మామ జమ్మలమడుగులో ఒక బట్టల అంగట్లో లెక్కలు రాసేవాడు. శనివారం పొద్దుగూకితే నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర భజనలో హార్మోనియం ఆయనదే. సంగీతం ఎవరి దగ్గరా కూర్చొని నేర్చుకోలేదు. పండరి భజనలు, నాటకాల పద్యాలు విని విని చెవి తయారు చేసుకున్నాడు. 1997 నుంచి రెండేళ్లకు పైగా ఈటీవీలో వచ్చిన ‘పాడుతా తీయగా’ పాటలను టేపురికార్డరు టీవీ ముందు పెట్టి పట్టాడు. పట్టినవి డెబ్బైకి పైనే ఉంటాయి. వాటిలో పందొమ్మిదిన్నర పాటలను ఏరి, వరుస కట్టి, ఒక తొంభై నిమిషాల క్యాసెట్ మీదికి ఎక్కించాడు. దానికి మూడు ప్రతులు తీశాడు. ఒకటి తనకు, ఒకటి ప్రొద్దుటూరులో ఉన్న మాకు, ఒకటి పులివెందుల పిన్నికి. ఆ మూడింట్లో ఇప్పుడు మిగిలింది మాదొక్కటే.

నా వరకు ఇంత బాగా ఏరిన పాటల సంపుటి ఇంకొకటి వినలేదు. అంగట్లో దొరికే సంపుటాల్లో పేరున్న పాటలన్నీ పక్కపక్కన కుప్ప పోసి ఉంటాయి. విన్నంతసేపూ బాగానే ఉంటుంది కానీ, ఈ పాట తర్వాత ఈ పాటే ఎందుకు రావాలో చెప్పగలిగినవాళ్లు ఉండరు. మామ క్యాసెట్‌లో ప్రతి పాటకూ అది అక్కడ ఎందుకుందో ఒక కారణం ఉంది. ఆ కారణాలను ఇన్నేళ్లలో ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ వచ్చాను.

ఏ బావిలో నుంచి తోడాడో ముందు చెప్పాలి. ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది. మరుసటి ఏడాదే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపించే ‘పాడుతా తీయగా’ వచ్చింది. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్, స్మిత ఆ వేదిక మీద పాడి సినిమా పాటల్లోకి, ఆల్బమ్‌లలోకి నడిచినవాళ్లే. పాడేవాళ్ల వెనక మనుషులు కూర్చొని వాయించే వాద్యబృందం ఉండేది. పాట ఎత్తుకునే ముందు సినిమా పేరు, రాసినవారు, సంగీతం కూర్చినవారు, మొదట పాడినవారు ఎవరో చెప్పాలి. ఇది ఆ వేదిక ఆచారం. మా వీధిలో ఆత్రేయ పేరు, పెండ్యాల పేరు ముసలివాళ్లకు తప్ప తెలియని కాలంలో పదేళ్ల పిల్లలు ఆ పేర్లు వల్లె వేయడం ఈ కార్యక్రమం వల్లనే చూశాను. మామ కాగితంలో జమ గడి అంత నిండుగా ఉండటానికీ అదే మూలం.

ఇక క్యాసెట్. మొదటి వైపు మొదటి పాట ‘పాడుతా తీయగా చల్లగా’. ‘మూగ మనసులు’ 1964లో వచ్చింది, రాసింది ఆచార్య ఆత్రేయ, స్వరం కె.వి. మహదేవన్, పాడింది ఘంటసాల. కార్యక్రమానికి పేరు పెట్టింది ఈ పాటే కాబట్టి మొదట పెట్టాడని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి అడిగితే వేరే జవాబు చెప్పాడు. “అబ్బీ, ఈ పాట యాడా అరవదు. పాడేవానికి దాక్కునేదానికి సందు ల్యా. ఈడ నిలబడితే యాడైనా నిలబడతాడు.” అప్పటి నుంచి ఆ పాటను వేరే విధంగా విన్నాను. నిజంగానే అందులో గొంతు పైకి ఎగబాకి చప్పట్లు కొట్టించే చోటు లేదు. నడక నిదానం. ఒక్కొక్క మాటనూ తీసి పక్కన పెట్టినట్టు ఉంటుంది. మాటకూ మాటకూ నడుమ ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వినేవాళ్లకు తెలిసిపోతుంది. వేగంగా నడిచే పాటలో శ్రుతి కాస్త జారినా తర్వాతి సంగతి దాన్ని కప్పేస్తుంది. ఇందులో జారింది జారినట్టే నిలబడి కనబడుతుంది. క్యాసెట్‌లో పాడిన కుర్రాడు పల్లవి రెండోసారి తిప్పేటప్పుడు చివరి అక్షరాన్ని సాగదీయకుండా మెత్తగా వదిలేస్తాడు. ఆ వదిలేసిన చోటు కోసమే మామ ఈ పాటను ఏరాడని నా నమ్మకం.

దాని వెనకే ‘సిరిమల్లె నీవే’. ‘పంతులమ్మ’ 1977, వేటూరి మాట, రాజన్–నాగేంద్ర స్వరం, పాడింది బాలు గారు. మొదటి పాట బరువును దించడానికి ఇది. అలాగని తేలిక పాట అనుకుంటే తప్పు. నవ్వు ముఖంతో పాడాల్సిన పాటను పోటీలో పాడటం ఎంత కష్టమో ఊహించండి. ఎదురుగా అదే పాటను మొదట పాడిన మనిషి న్యాయనిర్ణేతగా కూర్చొని ఉంటాడు. చేతులు చల్లబడతాయి, గొంతులో తడి ఆరిపోతుంది. అయినా పాటలో చిరునవ్వు వినబడాలి. ఈ పిల్లవాడి గొంతులో వినబడుతుంది. మామ కాగితంలో ఈ పాట పక్కన అంకె కింద చిన్న చుక్క ఉంది. నచ్చినవాటికి ఆయన పెట్టే గుర్తు అదే. మొత్తం కాగితంలో అలాంటి చుక్కలు నాలుగే.

ఆ అంకెల సంగతి చెప్పకుండా ఈ క్యాసెట్ అర్థం కాదు. హార్మోనియం వాయించేవాళ్లు శ్రుతిని మెట్లతో లెక్కపెడతారు. తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు. నడుమ నల్లమెట్లు అరలు. ఒకటి అంటే కీబోర్డు వాళ్లు చెప్పే ‘సి’, అయిదున్నర అంటే ‘జి షార్ప్’. మగవాళ్ల గొంతు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గర కుదురుకుంటుంది. ఆడవాళ్లు, గొంతు మారని మగపిల్లలు అయిదు, అయిదున్నర, ఆరు దగ్గర పాడతారు. మామ ప్రతి పాటనూ విని, హార్మోనియం మెట్టు నొక్కి చూసి, పాడిన పిల్లలు ఏ శ్రుతిలో పాడారో రాసుకున్నాడు. మొదట పాడినవారి శ్రుతి రాసుకోవడం ఎవరైనా చేస్తారు. మామకు కావాల్సింది ఆ పిల్లలు దాన్ని ఎక్కడికి మార్చుకున్నారన్నది.

ఎందుకంటే పాట ఎంపికలో పని అంతా అక్కడే ఉంది. ఒకటిన్నరలో మగగొంతు పాడిన పాటను ఆడపిల్ల పాడాలంటే అయిదున్నరకు తేవాలి. అంటే షడ్జమం లేచి పంచమం ఉన్నచోటికి పోతుంది. అక్కడ పాట కింది కొస అందుతుందా, పై కొస పగలకుండా నిలుస్తుందా అన్నది రెండు వైపులా చూసుకోవాలి. అర శ్రుతి పెంచితే కింద తేలికవుతుంది, పైన బిగుస్తుంది. అర తగ్గిస్తే పైన సుఖం, కింద గాలి తప్ప స్వరం రాదు. ఒక కొస సర్దితే ఇంకో కొస లేస్తుంది, పొట్టి దుప్పటి కప్పుకున్నట్టు.

ఇది నాకు మా అక్క వల్ల తెలిసింది. అప్పుడు దానికి పదమూడేళ్లు. ప్రొద్దుటూరులో ఒక బడిలో పిల్లలకు పాటల పోటీ పెట్టారు. అక్క ‘శివశంకరీ’ పాడతానని పట్టుబట్టింది. ఆ ఏడు పేరు ఇచ్చిన పిల్లల్లో సగం మంది అదే పాట ఇచ్చినట్టు తర్వాత తెలిసింది. సెలవులకు వచ్చిన మామ హార్మోనియం ముందర పెట్టుకొని, “పాడొద్దని ఎవురన్నారు పాపా, గొంతు యాడి నుంచి యాడికి పోతాదో సూద్దాం” అన్నాడు. అయిదున్నర మెట్టు పట్టి, ‘స’ పాడించి, ఒక్కో స్వరం కిందికి దిగమన్నాడు. నిషాదం వచ్చింది, ధైవతం వచ్చింది, పంచమం దగ్గర గొంతు మాయమై ఊపిరి మిగిలింది. మళ్లీ పైకి ఎక్కించాడు. పై షడ్జమం, రిషభం, గాంధారం దాకా దీపం వత్తిలా నిలకడగా వెలిగింది. మధ్యమం దగ్గర మెడ నరాలు కనబడ్డాయి. మామ ఏమీ అనకుండా కాగితం మీద రెండు గీతలు గీశాడు. కింద ఒకటి, పైన ఒకటి.

“నీ ఇల్లు ఇది. ఈ రెండు గోడల నడుమ యా పాట ఉంటాదో ఆ పాట పాడాల” అన్నాడు.

అక్క ఏడ్చింది. అర శ్రుతి తగ్గించమంది. తగ్గించి పాడించాడు. పైన అందింది కానీ పల్లవి మొదటి మాటే కింద మునిగిపోయింది. ఒక శ్రుతి పెంచమంది. పెంచాడు. అప్పుడు స్వరాలు పరుగెత్తే చోట గొంతు కీచుమంది. రెండూ దానికే వినబడేలా చేసి, మూడో రోజు ‘మనసున మల్లెల’ నేర్పడం మొదలుపెట్టాడు. శ్రుతితో కుస్తీ పట్టేకంటే పాటను మార్చాలని ఆయన ఒక్కసారి కూడా నోటితో చెప్పలేదు. పోటీలో అక్కకు రెండో బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ క్యారియర్. ఇప్పటికీ మా ఇంట్లో అందులోనే బెల్లం పెడతాం.

‘శివశంకరీ’ మీద మామకు చిన్నచూపు ఏమీ లేదు. రెండో వైపు మొదటి పాట అదే. 1961లో విజయా వారు తీసిన ‘జగదేకవీరుని కథ’కు పింగళి నాగేంద్రరావు రాసి, పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టి, ఘంటసాల పాడిన పాట. తెలుగు దేశంలో పాటల పోటీ జరిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు దీని మీదికి ఎక్కుతారు. చాలామంది కింద పడతారు. పడటానికి కారణం చివర్లో వచ్చే స్వరాల జోరు అని అందరూ అనుకుంటారు. మామ వేరే చోటు చూపించేవాడు. ఆరంభంలో నెమ్మదిగా కదిలే గాంధారం. దర్బారీలో ఆ గాంధారం ఊయలలా ఊగాలి. నిలబెట్టి పాడితే రాగం రూపమే పోతుంది, మరీ ఊపితే ఏడుపవుతుంది. మొదటి నిమిషంలో ఆ ఊపు కుదిరినవాడు చివర స్వరాలు తడబడినా పాట నిలుస్తుంది. ఆయన పట్టిన ‘శివశంకరీ’లు అయిదు. అందులో స్వరాలు ధాటిగా పలికిన ముగ్గురిని పక్కన పెట్టి, చివర్లో ఒకచోట తాళానికి అర అక్షరం వెనకబడిన కుర్రాడి పాటను క్యాసెట్‌లో పెట్టాడు. మొదటిసారి విన్నప్పుడు తప్పు పాటను ఎక్కించాడేమో అనుకున్నాను. ఆ గాంధారం కోసం ఇప్పుడు క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి వింటాను.

‘శంకరా నాదశరీరాపరా’ మాత్రం క్యాసెట్‌లో లేదు. ‘శంకరాభరణం’ 1980లో వచ్చింది. ఆ సినిమాకు మహదేవన్‌కు, బాలు గారికి, వాణీ జయరాంకు ముగ్గురికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు గారికి ఆ పాటలను మహదేవన్ సహాయకుడు పుహళేంది ఓపికగా నేర్పారు. ఆ సంగతి బాలు గారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. పిల్లలు ఈ పాట ఎత్తుకుంటే మధ్యమావతి రాగం కంటే ముందు వాళ్ల ఊపిరి వినబడుతుంది. ఎక్కడ ఆగిపోతాడో అన్న భయం వినేవాళ్లను పట్టుకుంటుంది. గట్టెక్కితే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్లు గట్టెక్కినందుకు మోగినవి. మామ దగ్గర రెండు ‘శంకరా’లు ఉండేవి, రెండూ గట్టెక్కినవే. రెంటినీ క్యాసెట్‌లోకి తేలేదు. “వాడు గెలిచినాడు, పాట గెలవల్యా” అన్నాడు. ఈ ఒక్క విషయంలో మామతో నాకు పూర్తిగా ఏకాభిప్రాయం లేదు. పదేళ్ల పిల్లవాడు పర్వతం ఎక్కుతుంటే చూడటంలో కూడా ఒక ఆనందం ఉంది, దాన్ని సంగీతం కాదని తీసేయలేం. కానీ ఏరేవాడికి ఒక పట్టుదల ఉండాలి. ఉంది కాబట్టే క్యాసెట్‌కు ఈ రూపం వచ్చింది.

మొదటి వైపు మూడో పాట ‘విధాత తలపున’ దగ్గర ఒక విశేషం ఉంది. తక్కిన అన్నిచోట్లా పాట అయిపోగానే పాజ్ బటన్ నొక్కేసిన మామ, ఇక్కడ బాలు గారి మాటలను కూడా ఉంచాడు. ‘సిరివెన్నెల’ 1986లో వచ్చింది. సీతారామశాస్త్రి గారి ఇంటిపేరునే మార్చేసిన సినిమా అది. మహదేవన్ స్వరం, బాలు గారు, పి. సుశీల గొంతులు. ఈ పాటలో సమాసాలు గొలుసుల్లా వస్తాయి. ఒత్తు పలకకపోతే అర్థం మారుతుంది. ఒత్తు మరీ నొక్కితే రాగం తెగుతుంది. క్యాసెట్‌లో పాప పాడటం అయ్యాక, బాలు గారు ముందు పాటను మెచ్చుకొని, తర్వాత ఒక్క ఒత్తు దగ్గర ఆగి, దాన్ని తాను పలికి చూపిస్తారు. పాప మళ్లీ పలుకుతుంది. మూడు నాలుగు క్షణాల వ్యవహారం. కానీ అది విన్న తర్వాత ఆ పాటలో ఆ అక్షరం ఎవరు పాడినా మన చెవి అక్కడ నిలబడుతుంది. బాలు గారి దిద్దుబాటు ఎప్పుడూ ఇంతే. తప్పును పెద్దది చేయకుండా, ఒప్పును వినిపించి వదిలేసేవారు.

ప్రొద్దుటూరు వాళ్లకు ఈ అక్షరం పట్టింపు కొత్త కాదు. పుట్టపర్తి నారాయణాచార్యులు తెలుగు చెప్పిన ఊరు, ‘శివతాండవం’ రూపు దిద్దుకున్న ఊరు ఇది. ఆ కావ్యం గొంతెత్తి చదివితే అక్షరాలే మద్దెల వాయిస్తాయి. దాన్ని అలా చదవగలిగిన పెద్దలు నా చిన్నతనంలో మా వీధిలోనే ఉండేవాళ్లు. నాటకాల కాలం వాళ్లయితే ‘హరిశ్చంద్ర’ కాటిసీను పద్యంలో ఒక్క అక్షరం మింగినా వేదిక కింది నుంచే అందించేవాళ్లు. టీవీలో బాలు గారు ఒత్తు దిద్దుతుంటే మా తాతలు తల ఆడించింది ఆ అలవాటుతోనే.

రెండో వైపు నడుమ మూడు పాటలను మామ ఒక గుత్తిగా కట్టాడు. కాగితంలో ఆ మూడింటికీ పక్కన ఒక పెద్ద బ్రాకెట్ గీసి ‘మనోళ్లు’ అని రాశాడు. చాలా ఏళ్లు అది ఏమిటో నాకు అర్థం కాలేదు. పాడిన పిల్లలు మన జిల్లా వాళ్లేమో అనుకున్నాను.

మొదటిది ‘మనసున మల్లెల’. అక్కకు నేర్పింది ఇదే. ‘మల్లీశ్వరి’ 1951, దేవులపల్లి కృష్ణశాస్త్రి మాట, సాలూరి రాజేశ్వరరావు స్వరం, భానుమతి గొంతు. సినిమా తీసిన బి.ఎన్. రెడ్డి పుట్టింది పులివెందుల తాలూకా కొత్తపల్లి. రెండోది ‘లాహిరి లాహిరి’. ‘మాయాబజార్’ 1957, పింగళి మాట, ఘంటసాల, లీల గొంతులు, మోహన రాగం. నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి ఆ బి.ఎన్. రెడ్డి తమ్ముడే. సొంత ఊరు మన జిల్లా పొట్టిపాడు. ఇక్కడ మామ కాగితంలో ఒక దిద్దుబాటు ఉంది. సంగీతం దగ్గర మొదట నీలం సిరాతో ‘ఘంటసాల’ అని రాసి, తర్వాత ఎప్పుడో ఎర్ర సిరాతో పైన ‘వరుస సాలూరి’ అని చేర్చాడు. ఆ సినిమాకు మొదట రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకున్నారు, తర్వాత సంగీత బాధ్యత ఘంటసాల తీసుకున్నారు. ‘లాహిరి’ ఆ నాలుగింటిలో ఒకటి. తెర మీద కనబడేది ఒక్క పేరే. అంగట్లో పద్దు సవరించినట్టు, ఎవరి జమ వాళ్లకు వేశాడు మా మామ.

మూడోది మామూలుగా ఎవరూ పోటీలో ఏరుకోని పాట, ‘ఏమి ఈ వింత మోహం’. 1967లో వచ్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’లోది. 1966 డిసెంబరు 15న ఎస్.పి. కోదండపాణి రికార్డు చేసిన ఈ పాటే బాలు గారి మొదటి సినిమా పాట. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యల మధ్య ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు. ఆ సినిమా నిర్మాత హాస్యనటుడు పద్మనాభం. ఆయనది పులివెందుల దగ్గర సింహాద్రిపురం. అంటే తెలుగువాళ్లకు పాట నేర్పిన ఆ గొంతుకు మొదటి అవకాశం దొరికింది మా వైపు మనిషి సొంత డబ్బుతో తీసిన సినిమాలో. పులివెందుల పిన్ని ఈ సంగతి తెలిసిన రోజు క్యాసెట్‌ను ఆ పాట దగ్గర ఆపి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ వినిపించింది. నలుగురు గొంతులు కలిపి పాడాల్సిన పాట కాబట్టి నలుగురు పిల్లలు కలిసి పాడారు. ఒక్కొక్కరి వాటా చిన్నది. అయినా ఒకరి నుంచి ఒకరికి మాట అందుకునే చోట్లు వినండి. చేతిలో చెంబు చేతిలోకి మారినట్టు, నీళ్లు తొణకవు.

ఆ మొదటి పాట రికార్డును చెరిపేయకుండా ఉంచి, తెలిసిన సంగీత దర్శకులకు వినిపించి, ఈ కుర్రాడికి అవకాశాలు ఇమ్మని కోదండపాణి అడిగేవారని బాలు గారు చెప్పుకునేవారు. ఆ కృతజ్ఞతతోనే మద్రాసులో తన రికార్డింగ్ థియేటర్‌కు గురువు పేరు పెట్టుకున్నారు. ఒక టేపును చెరపకుండా ఉంచితే ఏం జరుగుతుందో తెలిసిన మనిషి నడిపిన కార్యక్రమం అది. ఆ కార్యక్రమంలో నుంచి ఏరిన టేపును మేం చెరపకుండా ఉంచుకున్నాం.

బాలు గారు 2020 సెప్టెంబరు 25న పోయారు. అంతకు ఏడేళ్ల ముందే మామ పోయాడు. కార్యక్రమాన్ని తర్వాత బాలు గారి కొడుకు చరణ్ ముందుకు తీసుకుపోయారు. బాలు గారు పోయిన ఆ నెలలో అక్క ప్రొద్దుటూరు వచ్చి ఉంది. క్యాసెట్ తీసి పెట్టుకున్నాం. రెండు పాటలు విన్నాక అక్క ముఖం చిట్లించింది. “శ్రుతి దిగింది” అంది. హార్మోనియం తెచ్చి చూశాం. కాగితంలో 5½ అని ఉన్న పాట అయిదులో మోగుతోంది. 2 అని ఉన్నది ఒకటిన్నరలో ఉంది. ఏ పాట చూసినా సరిగ్గా అర తక్కువ. పాత టేపురికార్డరులో బెల్టు వదులై చక్రం నెమ్మదించింది. అర శ్రుతి అంటే వేగంలో దాదాపు నూటికి ఆరు పాళ్లు. ఒక్కో వైపు 45 నిమిషాలకు అయిపోవాల్సింది 48 నిమిషాల దగ్గరి దాకా నడిచింది. అప్పటికి ఎన్నేళ్ల నుంచి అలా వింటున్నామో తెలియదు. పిల్లల గొంతులు కాస్త బరువుగా, పెద్దవాళ్లయినట్టుగా వినబడుతుంటే క్యాసెట్ పాతబడిందిలే అనుకున్నాం.

ఆ కాగితం లేకపోతే అలాగే ఉండేది. మా అబ్బాయి పాటలను కంప్యూటరులోకి ఎక్కించి, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయాడు. అక్క హార్మోనియం మీద అయిదున్నర మెట్టు నొక్కి పట్టుకుంది. రెండు నాదాలూ దగ్గరవుతుంటే నడుమ అలల్లాంటి కొట్టుకోవడం వినబడుతుంది. అది నెమ్మదించి, నెమ్మదించి, ఒకచోట పూర్తిగా ఆగిపోయింది. ‘మనసున మల్లెల’ పాడిన పాప పద్నాలుగేళ్ల గొంతు తిరిగి వచ్చింది. అలా పందొమ్మిది పాటలనూ మామ రాసిన అంకెకు కట్టాం. అంకె ఎక్కడా తప్పలేదు.

ఇరవయ్యోది సగం పాట. ‘ఆకాశ దేశాన’. ‘మేఘసందేశం’ 1982, వేటూరి మాట, రమేష్ నాయుడు స్వరం. ఏసుదాసుకు జాతీయ పురస్కారం తెచ్చిన పాట. కాగితంలో దాని ఎదురుగా 5½, కింద చుక్క, పక్కన ‘సగమే’. మొదట పట్టినప్పుడే టేపు అయిపోయి మొదటి చరణం దగ్గర తెగిపోయింది. సగం పాటను ఎవరు ఏరుకుంటారు? నిండు పాటలు యాభై పక్కన పెట్టి, ఈ సగాన్ని చివర పెట్టాడు మామ. వింటే తెలుస్తుంది. మగగొంతు మంద్రంలో పాడిన ఆ దిగులును అయిదున్నరకు తెచ్చుకున్న ఆ పాప, దాన్ని దుఃఖంగా పాడదు. వాన కోసం ఎదురుచూసే వాళ్ల ఊళ్లో ఆకాశాన్ని ఎలా చూస్తారో అలా పాడుతుంది.

మొదటి చరణం చివర టిక్కుమని శబ్దం వస్తుంది. పాటను కంప్యూటరులోకి ఎక్కించిన రోజు కూడా వచ్చింది. మా అబ్బాయి దాన్ని కత్తిరించబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. హార్మోనియం మెట్టు మీద నుంచి వేలు తీయకుండానే, అదే శ్రుతిలో రెండో చరణం ఎత్తుకుంది.